ముప్పై ఒకటో రాయి దగ్గర పది నిమిషాలు

మా ఆయన అక్కని ఇంట్లో అందరం గడియారం అంటాం. ఎదురుగా అనం, అంత ధైర్యం ఎవరికీ లేదు. నాకు వరసకి వదిన. ఆమె బస్సు డిపోలో షెడ్యూలు సెక్షన్ గుమాస్తా. ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరాలి, ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలి, ఎన్నింటికి తిరిగి రావాలి అన్నది గళ్ళ కాగితం మీద రాసే ఉద్యోగం. ముప్పై నాలుగేళ్ళుగా అదే కుర్చీ, అదే కిటికీ, అదే స్టీలు స్కేలు. ఆ స్కేలు సంగతి ముందే చెప్పాలి. వదిన ఏం చదివినా వరస కింద స్కేలు పెట్టుకునే చదువుతుంది. ఆఫీసు చార్టయినా అంతే, పొద్దున్నే వచ్చే పేపరయినా అంతే, పెళ్ళి శుభలేఖయినా అంతే.

"ఒక వరస తప్పితే కొంపలేం మునుగుతాయి వదినా?" అని పెళ్ళయిన కొత్తలో నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో తెలియడానికి నాకు పంతొమ్మిదేళ్ళు పట్టింది.

ఇంకో విచిత్రం ఏమిటంటే, ఇన్ని బస్సులకి వేళలు రాసే ఈ మనిషికి బస్సు పడదు. ఎక్కిన కాసేపటికే కళ్ళు తిరుగుతాయి, ఆ తరవాత జరిగేది భోజనాల వేళ చెప్పుకోకూడదు. అందుకే ఆఫీసుకి నడిచే వెళ్తుంది. నలభై నిమిషాల నడక. ముప్పై తొమ్మిదీ కాదు, నలభై ఒకటీ కాదు.

అలాంటి మనిషి, ఇంకో రెండు నెలల్లో రిటైరవుతుందనగా, ఒక సాయంత్రం ఇంటికొచ్చి సంచీ మేకుకి తగిలించి, "వారం రోజులు సెలవు పెట్టాను. కొండల మీదికి వెళ్ళొస్తాను. బస్సులో," అంది.

మా ఆయనకి తాగుతున్న టీ ముక్కులోకి పోయింది. "ఏ కొండలు?"

"ఆ పైన, వానలు కురిసే కొండలు. మన చార్టుల్లో ఆఖరి రూటు."

"అక్కా, బస్సు బొమ్మ చూస్తేనే కర్చీఫ్ తీస్తావు కదా నువ్వు!"

"అందుకే మూడు వారాల ముందు చెప్తున్నాను. అలవాటు చేసుకుంటాను. నాకు తోడు కత్తెర వస్తుంది."

కత్తెర అంటే నేనే. ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడతాను. ఆ పేరు నా వృత్తిని బట్టి వచ్చిందని నేనంటాను, నాలుకని బట్టి వచ్చిందని మా ఆయన అంటాడు. నాకు వానంటే మంట. గుడ్డ చెమ్మగిల్లుతుంది, సూది తుప్పు పడుతుంది, దారం తెగుతుంది. అలాంటి నన్ను కోరి కోరి వానలోకి తీసుకెళ్తానంటుంటే ఒళ్ళు మండిపోయింది. రాను అందామనే నోరు తెరిచాను. వదిన మొహం చూసి, "సరే" అన్నాను. ఆమె నన్ను పంతొమ్మిదేళ్ళలో అడిగింది అదొక్కటే మరి.

మర్నాటి నుంచి ఆమె సాధన మొదలుపెట్టింది. పొద్దున ఆరున్నరకి సిటీ బస్సు ఎక్కడం, ఒక్క స్టాపు వెళ్ళి దిగడం, నడిచి వెనక్కి రావడం. రెండో రోజు రెండు స్టాపులు. మూడో రోజు మూడు. చేతిలో నిమ్మకాయ, పక్కన నేను, నా చేతిలో ప్లాస్టిక్ కవరు. కండక్టరు మూడో రోజుకే మమ్మల్ని గుర్తుపట్టి, "ఇవాళ ఎంతవరకమ్మా?" అని టికెట్టు కొట్టకముందే నవ్వడం మొదలెట్టాడు.

నాలుగో రోజు నాలుగో స్టాపులో దిగి ఆమె బెంచీ మీద కూలబడింది. మొహం తెల్లగా పాలిపోయింది. నాకిక ఆగలేదు.

"ఎందుకొచ్చిన తిప్పలు వదినా ఇవి? రిటైరయ్యాక కారు మాట్లాడుకుని వెళ్దాం. ఆ కొండలేం పారిపోతాయా?"

"కొండలు పారిపోవు. పది నిమిషాలు పోతాయి," అంది. అని, నిమ్మకాయ వాసన చూసుకుంటూ మొత్తం చెప్పింది.

ఉద్యోగంలో చేరిన మొదటి నెల. వయసు ఇరవై నాలుగు. తండ్రి పోయి ఏడాది కాలేదు, మా ఆయన అప్పటికి ఏడో తరగతి, ఇల్లు నడవాల్సింది ఆమె జీతం మీద. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. పాత చార్టు చూసి కొత్త చార్టు చేత్తో ఎత్తి రాయమన్నారు. కొండ రూటు రాసేటప్పుడు కన్ను ఒక వరస కిందికి జారింది. తనిఖీ గేటు ఎదురుగా ఉండాల్సిన "పది నిమిషాలు ఆగవలెను" అన్న ముక్క, దాని కింది వరసలో, ముప్పై ఒకటో కిలోమీటరు రాయి ఎదురుగా పడింది. అక్కడ ఊరు లేదు, ఇల్లు లేదు. ఒక మలుపు, ఒక కల్వర్టు. అంతే. చార్టు అచ్చుకి వెళ్ళిపోయింది.

"వారం తరవాత చూసుకున్నాను. చెప్తే ఉద్యోగం పోతుందేమోనని భయం. ఎవరైనా అడుగుతారేమోనని రోజూ ఎదురుచూశాను. ఎవరూ అడగలేదు. గేటు దగ్గర బస్సు ఎలాగూ తనిఖీకి ఆగుతుంది కాబట్టి వాళ్ళకి లోటు తెలీలేదు. మలుపు దగ్గర ఇంజను చల్లారడానికి ఆపమన్నారు కాబోలని డ్రైవర్లు అనుకున్నారు. చార్టులో ఉంటే వాళ్ళకి అది బ్రహ్మరాత. మరుసటి ఏడు ఈ చార్టు చూసి ఇంకోటి రాశాం, దాన్ని చూసి ఇంకోటి. ముప్పై నాలుగేళ్ళు అలాగే నడిచింది."

ఆ రూటుకి బస్సులూ మనుషులూ పైనున్న చిన్న డిపోవాళ్ళు. ఇక్కడి నుంచి చార్టు కవరులో పెట్టి పంపిస్తారు, వాళ్ళు ముట్టినట్టు సంతకం పెట్టి పంపిస్తారు. అంతకుమించి మాటా మంతీ లేదు. ఇప్పుడు కొత్తగా వచ్చిన మేనేజరు చార్టులన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తూ పట్టేశాడు. "మ్యాపులో అక్కడ ఊరే లేదు. పది నిమిషాలు ఎందుకు ఆపుతున్నాం? ఎవరు రాశారో కనుక్కుని, అది తీసేసి, నాకు కాగితం మీద రాసివ్వండి మేడమ్," అన్నాడట. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, వదిన స్కేలు తడుముకుందట. "చూసొచ్చి రాస్తాను సార్," అందట.

"పోనూ పది, రానూ పది. లెక్కేశాను కత్తెరా. నా మూలంగా ఆ బస్సు ఏమీ లేని చోట నూట డెబ్బై రెండు రోజులు నిలబడింది. నిండుగా జనంతో. వానలో. దాదాపు ఆరు నెలలు ఎవరెవరి బతుకుల్లోంచో తీసి కల్వర్టు పాలు చేశాను. ఆ చోటు నా కళ్ళతో చూసి, అక్కడ నిలబడి, ఇది నేను చేసిన పనే అని రాసి దిగిపోవాలి. లేకపోతే నాకు రిటైర్మెంటు కాదు, పారిపోవడం అవుతుంది."

నేను ఒకసారి నలభై చొక్కాలకి జేబులు కుడివైపు కుట్టాను. మూడు రోజులు కూర్చుని విప్పాను. ఆ మూడు రోజులే నాకు నిద్రపట్టలేదు. ఈమె ముప్పై నాలుగేళ్ళు ఎలా పడుకుందో అనిపించి కళ్ళు చెమ్మగిల్లాయి. "లేవండి వదినా, రేపు అయిదో స్టాపు," అన్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదని పేరు. ఈ విషయం మాత్రం మా ఆయనకి కూడా చెప్పలేదు.

ఆదివారం భోజనాల బల్ల మీద ప్రయాణం చార్టు పరిచింది. ఏడు వరసలు. కింది నుంచి పైకి రాయడం మొదలెట్టింది.

"అదేంటి, తలకిందులు?"

"ఇంటికి ఎప్పుడు చేరాలో ముందు రాసుకుంటే, ఎప్పుడు బయల్దేరాలో అదే తెలుస్తుంది. బయల్దేరడంతో మొదలుపెట్టినవాడు దారిలోనే ఉండిపోతాడు."

మొదటి రోజు కొండల కిందున్న ఊరి దాకా. రెండో రోజు తనిఖీ గేటు దాకా, ఎందుకంటే ఒక విడతలో మూడు గంటలకి మించి కూర్చోలేదు. నాలుగో రోజు పైకి, మలుపు మీదుగా. ఆరో రోజు కిందికి. ఏడో రోజు ఇల్లు. మూడో వరస, అయిదో వరస ఖాళీ.

"ఈ రెండు రోజులూ ఏం చేస్తాం?"

"ఏమో. ఖాళీ అంటే ఏం జరుగుతుందో తెలియకపోవడం. తెలియనిదానికి కూడా ఒక వరస ఉండాలి."

మా ఆయన పకపకా నవ్వాడు. ఏడు రోజుల ప్రయాణంలో రెండు రోజులు ఏమీ చెయ్యకపోవడానికి టైం టేబులు వేసిన మనిషిని లోకంలో ఎక్కడా చూడలేదన్నాడు. ఈసారి నేనూ ఆయన పక్షమే. అయిదో రోజుకి నాకు వేరే ఆలోచన ఉంది. పైన పెద్ద జలపాతం ఉందని మిషను దగ్గరికొచ్చే ఒకావిడ చెప్పింది. వాన ఎలాగూ తప్పదు, కనీసం అదయినా చూద్దామని.

వదిన పైనున్న డిపో కంట్రోలరుకి ఫోను చేసింది. స్పీకరు పెట్టింది కాబట్టి మేమూ విన్నాం.

"ఈ నెలలో అక్కడ వాన ఎప్పుడొస్తుందండీ?"

"వాన రావడమంటూ ఉండదమ్మా ఇక్కడ. ఉంటుంది. అప్పుడప్పుడు ఆగుతుంది."

"ఆగేది ఎప్పుడు?"

"మొన్న మంగళవారం ఆగింది."

వదిన స్కేలు పెట్టి "మొన్న మంగళవారం" అని నిజంగానే రాసుకుంది. జలగలకి ఉప్పు, దారి తెగితే వెనక్కి ఎంత దూరం నడవాలి, గేటు దగ్గర పడుకోవడానికి గది, అన్నీ అడిగింది. ముప్పై ఒకటో రాయి సంగతి ఒక్కటే అడగలేదు. అడుగుతుందని నేను చూస్తూనే ఉన్నాను. పెదవులు కదిలాయి, ఫోను పెట్టేసింది.

నా వంతు పని నేను చేశాను. లారీలమీద కప్పే టార్పాలిన్ తెచ్చి ఇద్దరికీ రెయిన్‌కోట్లు కుట్టాను, కుట్టు పొడుగునా కొవ్వొత్తి రుద్దాను. సూది పోయిన ప్రతి కన్నంలోంచీ నీళ్ళొస్తాయి, ఆ సంగతి కొట్లో కోట్లమ్మేవాళ్ళకి తెలీదు. తొడుక్కుని అద్దంలో చూసుకుంటే ఇద్దరం పార్సిలు మూటల్లా ఉన్నాం. పద్దెనిమిదో రోజున వదిన సిటీ బస్సు చుట్టు తిరిగే రూటు మొత్తం, ముప్పై రెండు స్టాపులూ, ఒక్కసారీ దిగకుండా కూర్చుంది. కవరు వాడలేదు. బస్సు ఆగగానే కండక్టరు చప్పట్లు కొట్టాడు, వెనక సీట్లవాళ్ళు ఎందుకో తెలియకుండానే కొట్టారు. వదిన మెట్లు దిగుతుంటే యుద్ధం గెలిచొచ్చిన మనిషిలా ఉంది. నిమ్మకాయ నాకిచ్చేసింది.

బయల్దేరాం. మొదటి రెండు రోజులూ చార్టు ప్రకారమే నడిచాయి. కొండ మొదలవగానే వాన మొదలైంది. దాన్ని వాన అనాలో, ఆకాశానికి చిల్లు అనాలో నాకు తెలీదు. గేటు దగ్గర గదిలో దుప్పటి తడి, తలగడ తడి, అగ్గిపెట్టె తడి. మూడో రోజు పొద్దున, "ఇక్కడ కూర్చుని నానడం దేనికి, ఇవాళే పైకి పోదాం," అని నేను సంచీ భుజాన వేసుకున్నాను కూడా. గేటు కాపలాదారు వచ్చి చెప్పాడు, పైన మట్టి జారి రోడ్డు మీద పడింది, ఇవాళ బస్సు లేదు, రేపటికి తీసేస్తారని. గేటు దగ్గర అంతా గోల. ఒకరికి కోర్టు వాయిదా, ఒకరికి చెల్లెలి కాన్పు, ఒకరు డ్రైవరునే తిడుతున్నారు.

వదిన అరుగు మీద టీ గ్లాసుతో నిలబడి ఉంది. "మనకేం ఆలస్యం కాలేదు కత్తెరా. మనం ఇవాళ మూడో వరసలో ఉన్నాం," అంది. ఆ మాట ఆమె ఎంత గర్వంగా అందంటే, నాకు కోపం రావాల్సింది పోయి నవ్వొచ్చింది. సంచీ దించి నేనూ టీ తెచ్చుకున్నాను.

నాలుగో రోజు బస్సు కదిలింది. ఇరవై ఎనిమిదో రాయి, ఇరవై తొమ్మిదో రాయి. వదిన కిటికీ ఊచ పట్టుకుంది. వాంతి భయం కాదది. "ఎవరూ ఉండరు. అందరూ చిరాకుపడుతూ కూర్చుంటారు. ఆ పది నిమిషాలూ నేను వాళ్ళ మొహాలు చూడాలి," అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను, మంచుగడ్డలా ఉంది.

ముప్పై ఒకటో రాయి దగ్గర మలుపు తిరిగి బస్సు ఆగింది.

కల్వర్టు ఉంది. కల్వర్టు పక్కన రేకుల షెడ్డు ఉంది. షెడ్డు నిండా జనం. టీ కొట్టు, పోస్టు డబ్బా, పచ్చ రంగు తలుపు ఉన్న చిన్న బడి. బస్సు ఆగీ ఆగగానే పాలక్యాన్లు పైకెక్కుతున్నాయి, ఉత్తరాల సంచీ కిందికి దిగుతోంది. మా వెనక సీట్లో కూర్చున్న నర్సు దిగి షెడ్డు దూలానికి తక్కెడ తగిలించి, వరసగా చంటిపిల్లల్ని తూస్తోంది. ఎవరూ పరిగెత్తడం లేదు, ఎవరూ ఒక్క క్షణం ఊరికే నిలబడడం లేదు. బడి మీద బోర్డుంది: "ప్రాథమిక పాఠశాల, పదినిమిషాల మలుపు."

వదిన ఆ బోర్డు చదివింది. స్కేలు లేకుండా చదివింది. ఎలా దిగిందో తెలీదు, దిగింది. టీ కొట్టావిడ ముందు నిలబడి, "ఈ ఊరు ఎప్పటిదమ్మా?" అంది.

"ఊరా? మా చిన్నప్పుడు ఇక్కడ ఏమీ లేదు. మా పల్లెలు నాలుగు, ఆ పైన చెదిరి ఉంటాయి. బస్సెక్కాలంటే గేటు దాకా ఎనిమిది కిలోమీటర్లు వానలో నడవాల్సిందే. మలుపని చెయ్యెత్తినా ఆపేవారు కాదు. ఒక ఏడు ఉన్నట్టుండి ఆపడం మొదలెట్టారు. రోజూ. పది నిమిషాలు. మా అత్త కల్వర్టు మీద కెటిల్ పెట్టుకుని కూర్చుంది మొదట. తరవాత షెడ్డొచ్చింది, తరవాత బడి." ఆవిడ గ్లాసు అందించింది. "పట్నం ఆఫీసులో ఎవరో పెద్దాయనట. కొండమీది మనుషుల గురించి బాగా ఆలోచించే ఆయన. మ్యాపు ముందు పెట్టుకుని సరిగ్గా ఇక్కడ వేలు పెట్టాడట."

ఊరుకోవచ్చు. నేనయితే ఊరుకునేదాన్ని, ఆ పెద్దాయనకి నా పేరు కూడా పెట్టుకునేదాన్ని. వదిన గ్లాసు కింద పెట్టేసింది.

"పెద్దాయన కాదమ్మా. నేను. ఆలోచించీ కాదు. ఎత్తి రాసేటప్పుడు వరస తప్పింది. తప్పని తెలిసి కూడా భయపడి చెప్పలేదు."

ఆవిడ కాసేపు వదినని ఎగాదిగా చూసింది, టార్పాలిన్ మూటలో ఉన్న ఈ పొట్టి మనిషిని. "మా అమ్మాయిని కనేటప్పుడు నా కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది," అంది. "ఈ బస్సు ఇక్కడ ఆగబట్టి నన్ను మంచం మీద మోసుకొచ్చి ఎక్కించారు. వరస తప్పితే తప్పింది. ఇన్నేళ్ళూ దిద్దకుండా ఉంచారు కదమ్మా, మాకు అది చాలు."

వదిన ఏడ్చింది. ఇన్నేళ్ళలో ఆమె ఏడవడం నేను చూడలేదు, గుక్కపట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, మా ఇద్దర్నీ చూసి టీ కొట్టావిడ కూడా. డ్రైవరు హారను కొట్టాడు. పది నిమిషాలు అయిపోయాయి.

"వదినా, బస్సు!"

"పోనీ," అంది వదిన. కొంగుతో మొహం తుడుచుకుని గడియారం చూసింది. "రేపు అయిదో వరస. ఆ ఖాళీ దీనికే పెట్టుకున్నాం."

నా జలపాతం అలా కొట్టుకుపోయింది. రాత్రి బడిలో పడుకున్నాం. అయిదో రోజు పొద్దున ఎనిమిదింటికి కిందికి పోయే బస్సు, మధ్యాహ్నం పన్నెండింటికి పైకి పోయే బస్సు, రెండింటికీ వదిన షెడ్డు కింద కాగితం, గడియారం పట్టుకుని నిలబడింది. ఎక్కినవాళ్ళు, దిగినవాళ్ళు, క్యాన్లు, ఉత్తరాలు, తక్కెడెక్కిన పిల్లలు. నేను లెక్కపెట్టి అరవడం, ఆమె రాసుకోవడం. ఈలోగా కబురు నాలుగు పల్లెలకీ పాకింది. పన్నెండింటి బస్సుకి జనం రెట్టింపు వచ్చారు, సగం మందికి ప్రయాణమే లేదు, ఆమెని చూడడానికే వచ్చారు. "వీళ్ళని లెక్కలోకి తీసుకోకు," అని నన్ను కసిరింది. కసిరేటప్పుడు మొహం వెలిగిపోతోంది.

ఆరో రోజు దిగాం, ఏడో రోజు చార్టులో రాసిన వేళకి ఇంటి గుమ్మం తొక్కాం. మా ఆయన గోడ గడియారం చూసి, నీళ్ళు తెచ్చిచ్చాడు.

వదిన మేనేజరుకి రెండు పేజీలు రాసిచ్చింది. నిండా అంకెలే. చార్టు ఎత్తి రాసిన ఏడాది, తన పేరు, జరిగింది జరిగినట్టు. చివర రిమార్కుల గడిలో ఒకే ముక్క: "పొరపాటు నాది. దయచేసి దిద్దవద్దు."

ఆయన రెండుసార్లు చదివాడట. "మేడమ్, ఇది మీ సర్వీసు రికార్డులోకి ఎక్కుతుంది. నెల రోజుల్లో వెళ్ళిపోతున్నారు. మీ పేరు తీసేసి ఇవ్వండి, మిగతాది నేను చూసుకుంటాను," అన్నాడట.

"ఎక్కాలి సార్. ఇన్నాళ్ళూ ఎక్కలేదనే నా బాధ," అందట. ఆయన సంతకం పెట్టి, "కిందికొచ్చేటప్పుడు కూడా పదేనా?" అని అడిగాడట. "పదే," అందట వదిన.

ఉద్యోగంలో ఆఖరి రోజున మధ్యాహ్నం నేను క్యారియరు పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. కొండ రూటు కొత్త చార్టు ఆమె ముందుంది. కంప్యూటరుకి ఇచ్చేముందు చేత్తో రాసే ప్రతి. ముప్పై ఒకటో రాయి వరసలో "పదినిమిషాల మలుపు" అని రాసి, దాని ఎదురుగా "పది నిమిషాలు ఆగవలెను" అని రాస్తోంది. స్కేలు బల్ల అవతల అంచున పడి ఉంది. నేను వెనక నిలబడి మొదటి వరస నుంచి ఆఖరి వరస దాకా చూశాను, ఎక్కడా తప్పలేదు.